పదమూడేళ్లు దాటిన మా సీపీయూ

2012 దసరాకి విశాఖ ద్వారకానగర్‌లో విడిభాగాలు కొని, ఇంట్లో నేలమీద పాత చీర పరుచుకుని నేనే బిగించుకున్న సీపీయూ ఇది. (నూలు చీరే లెండి. సిల్కుదైతే స్టాటిక్‌కి ర్యామ్ పోతుందని భయం.) ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 3470, నాలుగు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. గ్రాఫిక్స్ కార్డు పెట్టలేదు. అప్పుడు డబ్బుల్లేవు, తర్వాత అవసరం రాలేదు. ఇన్నేళ్లలో ప్రాసెసర్ మీద ఒక్క రూపాయి పెట్టలేదు. ఖర్చంతా దాని చుట్టూ ఉన్నవాటికే.

మా ఇల్లు పెదవాల్తేరులో. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. చుట్టాలకి సరదా, సీపీయూకి గండం. ఉప్పు ఎక్కడ పేరుకుంటే అక్కడ తేమని పట్టి ఉంచుతుంది, దాంతో లోహం పాడవుతుంది. క్యాబినెట్ స్క్రూలు రెండేళ్లకే తుప్పు పట్టాయి. అంతకంటే ముందే, మొదటి వానాకాలంలో ఒకరోజు ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెరమీద ఏమీ లేదు, ఒకటే బీప్ మోత. ర్యామ్ ఊడదీసి చూస్తే కింది అంచు కాంటాక్టుల మీద మసక. బడిపిల్లల రబ్బరుతో రెండు వైపులా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, క్లిప్పులు రెండూ టక్కుమనేదాకా నొక్కితే లేచి కూర్చుంది. ఆ రబ్బరు ఇప్పటికీ స్క్రూడ్రైవర్ల డబ్బాలోనే ఉంటుంది. విశాఖలో ఉండేవాళ్లు ప్లాస్టిక్ కవరు మాత్రం తొడగకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. రోజూ అరగంటైనా ఆన్ చేసి ఉంచితే ఆ వేడికి ఆరుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు దీన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టాం. తుపాను దీన్ని ఏమీ చేయలేదు. చేసిందంతా పది రోజుల తర్వాత వచ్చిన కరెంటే. వోల్టేజి ఎగిరెగిరి పడుతుంటే ఆగలేక ఆన్ చేశాను. ఠప్పుమని శబ్దం, కాలిన వాసన. లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పోయింది. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన సరుకు అది. మదర్‌బోర్డు బతకడం నా అదృష్టం. కొత్తగా బిగించుకునేవాళ్లు రంగు లైట్ల మీద పెట్టే డబ్బు ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టండి.

2017లో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ పనే, వేగం చాలా ఎక్కువ) వేశాను. నిమిషంన్నర పట్టే బూటింగ్ ఇరవై సెకన్లకి దిగింది. మొత్తం మీద నాకు బాగా గిట్టుబాటైన ఖర్చు అదే. తర్వాత ఇంకో 8 జీబీ ర్యామ్.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) సంగతి. 2020 జనవరిలో విండోస్ 7కి సపోర్టు ఆగిపోగానే ఉచితంగా దొరికే లినక్స్ మింట్‌కి మారాను. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో గడువు తీరింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అడుగుతుంది, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మాది మూడో తరం. కాబట్టి మారడం ఎలాగూ తప్పేది కాదు. మింట్ మాత్రం ఇందులో హాయిగా నడుస్తోంది. చిక్కు ఒక్కచోటే వచ్చింది. మా ఆవిడ ఇంట్లోనే శుభలేఖల డీటీపీ చేస్తుంది. ఆమె పాత ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఫాంట్లలో ఉన్నాయి. లినక్స్‌లో తెరిస్తే వధువు పేరు దగ్గర పిచ్చిగీతలు. చివరికి లినక్స్ లోపలే ఇంకో ఓఎస్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో పాత విండోస్ వేసి, నెట్ తీసేసి ఇచ్చాను.

వీడియోల్లో మాత్రం వయసు తెలిసిపోతుంది. యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9 అనే వీడియో ఫార్మాట్‌ని విప్పే హార్డ్‌వేర్ ఈ తరం చిప్పులో లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. 1080పీ వరకు పరవాలేదు. 4కే అడిగితే ఫ్యాను ఏడుస్తుంది.

మా మేనల్లుడు మధురవాడలో ఇంజనీరింగ్ ఫైనలియర్. "క్లౌడ్ నేర్చుకుంటున్నాను మావయ్యా, ఈ డబ్బాతో నాకేం పని?" అన్నాడు. నేను ఇరవై ఏళ్లుగా సిస్టమ్ అడ్మిన్‌ని, ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. నా ప్రశ్న ఒక్కటే: సైటు తెరుచుకోవడం లేదు, ముందు ఏం చూస్తావు? సర్టిఫికెట్ల పేర్లు అప్పజెప్పేవాళ్లు చాలామంది. "పింగ్ వెళ్తోందా, పేరు ఐపీగా మారుతోందా" అని, అంటే సర్వరు పలుకుతోందా, సైటు పేరుకి దాని నంబరు అడ్రసు దొరుకుతోందా అని, విడదీసి చెప్పేవాణ్ణి వదలను. ఆ విడదీసి చూడటం కోర్సులో రాదని నా నమ్మకం. పాడైనదాన్ని ముందు పెట్టుకుని కూర్చోవాలి.

పోయిన నెల మా ఆవిడ విండోస్ తెరుచుకోలేదు, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) వీటీఎక్స్ (వర్చువల్‌బాక్స్‌కి కావలసిన ప్రాసెసర్ సౌకర్యం) ఆఫ్ అయి ఉందని మెసేజ్. ఆ టైముకి వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. నేను కదల్లేదు. బయాస్‌లోకి వెళ్లి ఆన్ చేశాడు. రాత్రి మెయిన్ స్విచ్ ఆపేశాం, మర్నాడు మళ్లీ అదే గోల. కాసేపు తల గోక్కుని, తేదీ కూడా వెనక్కి పోయిందని తనే కనిపెట్టాడు. గడియారాల కొట్టుకెళ్లి సీఆర్2032 బ్యాటరీ తెచ్చి వేశాడు.

"అత్తా, సెట్టింగులు గుర్తుపెట్టుకునే సెల్లు అయిపోయిందంతే," అన్నాడు. ఆమె అప్పటికే శుభలేఖ తెరిచి ముహూర్తం టైము దిద్దుకుంటోంది.