మొక్కలు ఏపుగా ఉన్నాయి, పేరు రాసిన అట్టముక్కే తప్పు: ఒక నర్సరీ గురించి

ఉప్పల్ నుండి నాగోలు వెళ్ళే దారిలోని ఒక నర్సరీలో, మా అపార్ట్‌మెంటు బాల్కనీ కోసం గత నెలలో నాలుగు కుండీలు కొన్నాను. మొక్కల ఆరోగ్యం విషయంలో వారికి వంక పెట్టలేను. కడియం నుండి వచ్చిన సరుకే అయినా, లారీ దిగగానే అమ్మివేయకుండా కొన్నాళ్ళు గ్రీన్‌నెట్ కింద ఉంచి, ఇక్కడి ఎండకు అలవాటు చేసి ఇస్తున్నారు. ధరలు న్యాయంగానే ఉన్నాయి. అయితే ఇంట్లో ఏడు నెలల లాబ్రడార్ పిల్ల ఉన్నదనీ, అది కంటబడినదల్లా కొరుకుతుందనీ ముందే చెప్పి, దానికి హాని చేయని మొక్కలే కావాలని అడిగిన నాకు వారిచ్చిన సలహా మాత్రం ప్రమాదకరమైనది.

"పామ్ మొక్కలు కుక్కలను ఏమీ చెయ్యవు సార్, ఏదైనా తీసుకోండి" అన్నారు. ఆ వరుసకంతటికీ ‘పామ్’ అని రాసిన అట్టముక్క ఒక్కటే ఉంది. దాని కింద అరెకా పామ్, పార్లర్ పామ్, సైకస్ పక్కపక్కనే ఉన్నాయి. మొదటి రెండింటి విషయంలో ఆ మాట నిజమే. అరెకా అన్న పేరు విని వక్క అనుకుని భయపడేవారున్నారు గానీ, తాంబూలంలోని వక్క చెట్టు వేరు, మడగాస్కర్ నుండి వచ్చిన ఈ అలంకారపు మొక్క వేరు.

సైకస్ అసలు పామ్ కానే కాదు. తాటి, కొబ్బరి, ఈత చెట్ల కుటుంబంతో దానికి సంబంధం లేదు. పువ్వులు పూయకుండా విత్తనాలు పట్టే ప్రాచీన జాతి అది. అందులోని సైకాసిన్ అనే విషం కుక్కల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆకు, దుంప, వేరు అన్నీ విషమే. విత్తనాలు మరీ ప్రమాదకరం, ఒకటి రెండు మింగినా ప్రాణం పోవచ్చు. మొదట వాంతులు, చొంగ, నీరసం కనబడి, కామెర్లు రెండు మూడు రోజుల తరువాత బయటపడవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు కనుక, కొరికినట్లు అనుమానం కలిగితే వాంతుల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

పొట్టిగా, లావుగా, పొలుసులు కట్టిన మాను, గుచ్చుకునే బిరుసైన ఆకు ఉంటే అది సైకస్. మొదలు దగ్గర నుండే సన్నని కాడలు గుంపుగా లేచి, ఆకు మెత్తగా వాలితే అది అరెకా. వారి మాట నమ్మి కొన్న కుండీల్లో ఒకటి సైకస్ అని, ఇంటికి తెచ్చిన రాత్రి ఆకు గుచ్చుకున్నప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు. మరునాడు దానిని తిరిగి తీసుకుని, పేచీ పెట్టకుండా పార్లర్ పామ్ ఇచ్చారు. ఇది వారి మంచితనమే.

ఎరువుగా ఆముదపు పిండి కలపబోతుంటే నేనే వద్దన్నాను. ఆ పిండిలో రైసిన్ అనే విషం ఉండవచ్చు. పైగా వాసనకు కుక్కలు మట్టి తవ్వి మరీ తింటాయి. నిరపాయమైన మొక్కను ఎంచుకుని, కుండీలో విషం కలుపుకోవడం ఎందుకు? అడిగితే వర్మీకంపోస్టు వేసి ఇచ్చారు.

మొక్క ఏదో తెలిసి వెళ్ళేవారికి ఈ నర్సరీ మంచిదే, కుక్క ఉన్నవారు మాత్రం వారి మాట మీద ఆధారపడకూడదు. పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళాను. సైకస్ కుండీలు ఆ అట్టముక్క కిందే ఉన్నాయి.