సింగపూర్ లైబ్రరీలు: పుస్తకం తీసుకోడం కంటే తిరిగిచ్చేయడం ఇంకా ఈజీ

సింగపూర్ కొత్తగా వచ్చినవాళ్ళు అద్దె ఇళ్ళ గురించి, స్కూళ్ళ గురించి, సోనామసూరి ఎక్కడ దొరుకుతుందన్నదాని గురించి తెగ అడుగుతారు గానీ లైబ్రరీ గురించి ఒక్కళ్ళూ అడగరు, అందుకే ఈ రివ్యూ. ఇక్కడ పబ్లిక్ లైబ్రరీలన్నీ నేషనల్ లైబ్రరీ బోర్డు కిందే ఉంటాయి, అందరూ ఎన్ఎల్‌బీ అంటారు. చాలా బ్రాంచీలు షాపింగ్ మాల్స్‌లోనే పెట్టారు, వివోసిటీలో ఒకటి, ఆర్చర్డ్‌లో ఒకటి, ఇలా. సరుకులకి వెళ్ళి వస్తూ వస్తూ పుస్తకాలు కూడా తెచ్చేసుకోవచ్చు.

తీసుకునే పద్ధతి సింపుల్. మెషీన్ దగ్గర కార్డు చూపించి పుస్తకాలు దొంతిగా అలా పెట్టేస్తే చాలు, అన్నీ ఒకేసారి చదివేసుకుంటుంది, ఎందుకంటే ప్రతి పుస్తకంలో ఆర్ఎఫ్ఐడీ చిప్, అంటే తాకకుండానే రేడియో తరంగాలతో మెషీన్ చదివేసే చిన్న చిప్, ఉంటుంది. ఇదేదో మొన్నమొన్న వచ్చింది అనుకునేరు, 1998లోనే బుకిత్ బాతొక్ లైబ్రరీలో మొదలుపెట్టారు, ప్రపంచంలోనే చాలా ముందు. అప్పట్లో కౌంటర్ల దగ్గర క్యూలు భరించలేక ఈ దారి పట్టారు. ఇప్పుడు మెషీన్ దాకా కూడా వెళ్ళక్కర్లేదు, షెల్ఫ్ దగ్గరే నిలబడి ఫోన్‌లో ఎన్ఎల్‌బీ యాప్‌తో బార్‌కోడ్ స్కాన్ చేస్తే అయిపోయింది. 2023లో తెరిచిన పుంగ్గోల్ లైబ్రరీలో అయితే ఫోన్‌తో ఒక దారిలోంచి నడిచి వెళ్ళిపోతే పుస్తకాలు మన ఖాతాలో పడిపోతాయి. బావుంది గానీ నాకు కొంచెం షోకు అనిపిస్తుంది, స్కాన్ చేయడానికి పట్టేదే పది సెకన్లు కదా.

అసలు మెచ్చుకోవాల్సింది రిటర్న్ గురించి. ఏ బ్రాంచిలో తీసుకున్నా ఏ బ్రాంచిలో అయినా బుక్‌డ్రాప్‌లో వేసేయొచ్చు, పుస్తకం లోపలికి జారగానే చిప్ చదివేసి మన పేరు మీదనుంచి తీసేస్తుంది, అడిగేవాళ్ళు లేరు, రసీదు కోసం నిలబడేది లేదు, చాలాచోట్ల లైబ్రరీ మూసేశాక కూడా వేయొచ్చు. మనూళ్ళలో ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడతాం, అయినా శాఖా గ్రంథాలయంలో పుస్తకం తిరిగివ్వాలంటే అదే ఊరు, అదే బల్ల, లైబ్రేరియన్ భోజనానికి వెళ్తే మళ్ళీ రావడం. చాలామంది చదవడం మానేసేది పుస్తకాలు లేక కాదు, ఈ తిరుగుడు పడలేక అని నా అభిప్రాయం. ఎన్ఎల్‌బీ వాళ్ళు సరిగ్గా ఇక్కడ బుర్ర పెట్టారు.

ఒక్కొక్కరికీ 16 దాకా ఇస్తారు, 21 రోజులు, వేరేవాళ్ళు రిజర్వ్ చేయకపోతే యాప్‌లోనే ఇంకో 21 రోజులు పొడిగించుకోవచ్చు. పిల్లలున్న ఇల్లయితే ఇంటిల్లిపాదికీ మెంబర్‌షిప్ తీసుకోండి, బొమ్మల పుస్తకాలు సంచి నిండా వస్తాయి. లేటైతే ఫైన్ ఉంది, పుస్తకానికి రోజుకిన్ని సెంట్లని, చిన్నదే గానీ పది పుస్తకాలు మర్చిపోతే లెక్క మారిపోతుంది, యాప్ నోటిఫికేషన్లు ఆఫ్ చేయకండి. ఆ బెంగే వద్దనుకుంటే లిబ్బీ యాప్‌లో ఈబుక్స్ తీసుకోండి, గడువు అవ్వగానే వాటంతటవే వెళ్ళిపోతాయి.

ఒక విషయం చాలామందికి తెలీదు, విక్టోరియా స్ట్రీట్‌లో 16 అంతస్తుల పెద్ద బిల్డింగ్ ఉంది కదా, దాంట్లో పైన రిఫరెన్స్ లైబ్రరీ, అక్కడివి ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. ఇంటికి పట్టుకెళ్ళేవి కావాలంటే బేస్‌మెంట్‌లో సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళాలి. లిఫ్ట్‌లో పైకెళ్ళి బేరాలాడకండి.

మనకి లోటేంటంటే షెల్ఫులు ఇక్కడి నాలుగు అధికార భాషల చుట్టూనే ఉంటాయి, ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం. తమిళం సెక్షన్ చూస్తే కడుపు నిండుతుంది, కొంచెం కుళ్ళు కూడా వస్తుంది, తెలుగు పుస్తకం కావాలంటే ఇండియా నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసే దిక్కు. రెండోది, పెద్దవాళ్ళకి ఈ యాప్ గొడవ మొదట్లో అర్థం కాదు, పక్కన మనం ఉండి ఒకసారి చూపించాలి.

డబ్బు సంగతి: సిటిజన్లకీ పీఆర్‌లకీ (శాశ్వత నివాస అనుమతి ఉన్నవాళ్ళకీ) మెంబర్‌షిప్ ఫ్రీ, వర్క్ పాస్ మీద ఉన్నవాళ్ళు ఏడాదికింతని కట్టాలి. పిల్లలుండి నెలనెలా వెళ్ళేవాళ్ళకైతే కళ్ళు మూసుకుని కట్టేయొచ్చు. ఒక్కళ్ళే ఉండి ఎప్పుడో వెళ్ళేవాళ్ళు మాత్రం తొందరపడకండి, లోపలికెళ్ళి ఏసీలో కూర్చుని చదువుకోడానికి మెంబర్‌షిప్ అడగరు.