చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్న థర్మల్ పవర్ ప్లాంట్ మోడల్ కిట్ – రివ్యూ

చెన్నైలో పిల్లల సైన్స్ ఎగ్జిబిషన్ కోసం థర్మల్ ప్లాంట్ వర్కింగ్ మోడల్ వెతికేవాళ్లకి ఇది పనికొస్తుందని రాస్తున్నా. షాపుల్లో ముందు చూపించేది అట్ట చిమ్నీ, థర్మోకోల్ బాయిలర్ ఉన్న రెడీమేడ్ మోడల్, స్విచ్ వేస్తే ఎల్ఈడీలు వెలుగుతాయి, ఫ్యాన్ తిరుగుతుంది, కానీ ఒకసారి తిప్పి అడుగున చూడండి, 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది మాత్రం కొనొద్దు. కరెంటు ఎలా పుడుతుందో చూపించాల్సిన బొమ్మకి బ్యాటరీ పెడితే పిల్లలకి తప్పు నేర్పినట్టేగా.

మేం తీసుకుంది స్టీమ్ కిట్. చిన్న ఇత్తడి బాయిలర్, కింద స్పిరిట్ దీపం, సన్నటి నాజిల్, రేకు రెక్కల టర్బైన్, దాని షాఫ్ట్‌కి చిన్న డీసీ మోటార్. ఆ మోటార్ కరెంటిస్తే తిరుగుతుంది, తిప్పితే కరెంటిస్తుంది, ఇక్కడ అదే జనరేటర్. నీళ్లు మరగ్గానే ముందు నాజిల్‌లోంచి చుక్కలు చిమ్ముతాయి, టర్బైన్ కదలదు, కాసేపటికి ఆవిరి జోరందుకున్నాకే రెక్కలు తిరగడం మొదలై ఎర్ర ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటూ వెలుగుతుంది. పెద్ద ప్లాంట్లలో సూపర్‌హీటర్ పెట్టడానికి ఇదీ ఒక కారణం, నీటి చుక్కలు తగిలితే టర్బైన్ రెక్కలు అరిగిపోతాయి కాబట్టి ఆవిరిని దాదాపు 540 డిగ్రీల దాకా వేడి చేసి పొడిగా పంపుతారు. మన నార్త్ చెన్నై ప్లాంట్ చూడండి, బొగ్గుని ఫేస్ పౌడర్ అంత మెత్తగా చేసి బాయిలర్‌లోకి ఊదుతారు, టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 50, మన ఇంట్లో కరెంటు సెకనుకి 50 సైకిల్స్ ఉండేది అందుకే.

కిట్‌లో పెద్ద లోటు కండెన్సర్ లేకపోవడం. టర్బైన్ దాటిన ఆవిరి గదిలోకి పోతుంది అంతే. అసలు ప్లాంట్‌లో దాన్ని సముద్రపు నీళ్లతో చల్లబరిచి నీళ్లు చేసి మళ్లీ బాయిలర్‌కే పంపుతారు, బొగ్గు వేడిలో ఎక్కువ భాగం పోయేది కూడా అక్కడే. మేం ఐసు వేసిన స్టీల్ పళ్లెం టర్బైన్ వెనక అడ్డంగా పట్టుకుంటే దాని అడుగున చుక్కలు కట్టి కారాయి, మా పాపకి అది చూశాకే విషయం ఎక్కింది. బుక్‌లెట్‌లో ఆవిరి చిమ్నీలోంచి పోతున్నట్టు బాణం గీశారు, అది తప్పు, చిమ్నీలోంచి పోయేది పొగ, దిద్ది చెప్పండి.

సేఫ్టీ వాల్వ్ బాగుంది, కానీ నీళ్లు నిండా పోయొద్దు, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. మూత వాషర్ తొందరగా గట్టిపడుతుంది, ఎక్స్‌ట్రా ఒకటి అడిగి తీసుకోండి. ఐదుకి నాలుగు.