పచ్చ చుక్క చూసి ప్యాడ్ థాయ్ తెప్పించుకునే శాకాహారులకు హెచ్చరిక

ఒడిశాలోని బరంపురంలో కొత్తగా తెరిచిన ఒక చిన్న థాయ్ హోటల్లో మెనూ కార్డు మీద పచ్చ చుక్క పెట్టి అమ్ముతున్న నూడుల్స్ శాకాహారం కావు. ఒడియావారి కార్తీకం కుమార పూర్ణిమ (ఆశ్వయుజ పౌర్ణమి) మర్నాడే మొదలవుతుంది, మన తెలుగువారిది దీపావళి తరువాత మొదలై మరుసటి అమావాస్య దాకా సాగుతుంది. రెండూ కలిపి చూస్తే ఈ ఊళ్లో నెలన్నర పాటు నీచు ముట్టని ఇళ్లు ఎన్నో ఉంటాయి. కొంగ సైతం చేపను తాకదని చెప్పుకునే బక పంచకం, అంటే ఒడియా కార్తీకంలోని చివరి ఐదు రోజులు కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. అందుకే ముందుగా రాస్తున్నాను.

మేము టోఫు (సోయా పనీర్) వేసిన ప్యాడ్ థాయ్, కూరగాయల ప్యాడ్ సీ ఇవ్ అనే రెండు రకాల నూడుల్స్ తెప్పించుకున్నాము. మొదటి ముద్దకే ఎండుచేపల వాసన తగిలింది. వడ్డించే అబ్బాయిని అడిగితే చేప ముక్క ఒక్కటి కూడా ఉండదని నమ్మకంగా చెప్పాడు. వంటగది గుమ్మం దాకా వెళ్లి అడిగిన మీదట వంటమనిషి ఏ దాపరికమూ లేకుండా ఫిష్ సాస్ సీసా తెచ్చి చూపించాడు. చిన్న చేపలను నెలల తరబడి ఉప్పులో ఊరబెట్టి తీసిన ద్రవం అది. రెండో వంటకంలో ఆల్చిప్పల మాంసంతో చేసే ఆయిస్టర్ సాస్ కలిపారు. గుడ్డు మానేశాము కనుక వెజ్ అయిపోయిందని, వేసేది చెంచాడే కదా అని యజమాని వాదన. కానీ ఆహార భద్రతా నియమాల ప్రకారం పాలు, తేనె వంటివి మినహా జంతువుల నుంచి వచ్చినది ఎంత కొద్దిగా కలిసినా అది మాంసాహారమే. దానికి ఉండవలసిన గుర్తు గోధుమరంగు త్రిభుజం.

ఇందులో థాయ్ వంట తప్పేమీ లేదు. ఆ దేశంలోనే 'జే' అనే నిష్ఠగల శాకాహార పద్ధతి ఉంది. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, ఉప్పదనానికి సోయా సాస్ వేస్తారు. ప్యాడ్ థాయ్‌కి ప్రాణం చింతపండు పులుపు, తాటిబెల్లం తీపి. ఇక్కడ చింతపండుకు బదులు టమాటా కెచప్ పోస్తున్నారు, అదీ చింతపండుకు కరువులేని గంజాం జిల్లాలో!

అక్కడికి వెళ్లేవారు "వెజ్జేనా" అని అడిగితే అవుననే జవాబు వస్తుంది. ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్ వేస్తారా, ఎండురొయ్యలు కలుపుతారా, కర్రీ పేస్టులో రొయ్యల ముద్ద ఉందా అని పేరుపేరునా అడగండి. కొబ్బరిపాలతో చేసే ఖావ్ సోయ్ తెప్పించుకునేవారికి ఆ చివరి ప్రశ్న తప్పనిసరి. వేరుశనగ పడని పిల్లలుంటే ప్యాడ్ థాయ్ జోలికే పోవద్దు, దాని మీద పల్లీల పొడి చల్లే ఇస్తారు.

బిల్లు మీద ఉండవలసిన 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు కనిపించలేదు కానీ, సర్వీస్ చార్జ్ మాత్రం కనిపించింది. దానిని బిల్లులో దానంతట అదే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఆ మాట చెప్పగానే హోటల్‌వారు ఆ చార్జ్‌ను బిల్లులోంచి కొట్టివేశారు. నూడుల్స్ డబ్బు తిరిగి ఇవ్వలేదు. మెనూ, బిల్లు ఫొటోలతో ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫిర్యాదుల యాప్ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు చేశాను. మీకూ ఇలాగే జరిగి ఉంటే బిల్లు పారవేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు.