పాటల అగ్రిమెంట్లు చూసే లాయర్: నా అనుభవం

ఐదు పాటల ఆల్బమ్‌కి ఒక మ్యూజిక్ కంపెనీ అగ్రిమెంట్ పంపింది. 19 పేజీలు. అందులో నాకు అర్థమైంది అడ్వాన్స్ ఎంతో ఒక్కటే. సంతకం పెట్టేలోపు ఎవరికైనా చూపిద్దామని, సంగీతం వ్యవహారాలు మాత్రమే చూసే ఒక లాయర్ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ అగ్రిమెంట్ తెరవనే లేదు. ట్యూన్ ఎవరు కట్టారు, సాహిత్యం ఎవరిది, ఎవరు వాయించారు, రికార్డింగ్ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని ఒక్కో పాటకీ విడివిడిగా అడిగారు. నాలుగో పాట దగ్గర నీళ్లు నమిలాను. పల్లవి నాదే గానీ, చరణంలో రెండో లైను వయొలిన్ వాయించిన ఫ్రెండ్ కూనిరాగం తీస్తుంటే దొరికింది. "అయితే ఆయన వాయించినాయన మాత్రమే కాదండీ, ట్యూన్‌లో వాటాదారు. పాటంతా నాదేనని కంపెనీకి ఎలా రాసిస్తారు?" అన్నారు. పదకొండో పేజీలో సరిగ్గా అదే రాసుంది. ఆ మాట అబద్ధమని తేలితే నష్టం నేనే కట్టుకోవాలట. కంపెనీ ఎక్కడ ముంచుతుందో అని టెన్షన్ పడుతూ వెళ్లినవాణ్ణి, తీరా చూస్తే లొసుగు నా దగ్గరే ఉంది.

కంపెనీ తక్కువేం తినలేదు. ట్యూన్, సాహిత్యాల మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద, అంటే మాస్టర్ మీద హక్కు వేరు. మాస్టర్ అడుగుతున్నట్టు మొదలుపెట్టి, మధ్యలో ట్యూన్, సాహిత్యాల హక్కు కూడా లాగేసుకున్నారు. అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ మాస్టర్లు 2019లో చేతులు మారినా, పాటలు తనే రాసుకుంది కాబట్టి 2021 నుంచి పాత ఆల్బమ్‌లు మళ్లీ పాడి విడుదల చేయగలిగింది. నా అగ్రిమెంట్లో ఆ దారి కూడా మూసేశారు. హక్కులు "విశ్వమంతటా, శాశ్వతంగా" అని ఉంటే, రేపు చంద్రుడి మీద పాడినా వాళ్లకేనా అన్నాను. "విశ్వం పోతే పోనివ్వండి, శాశ్వతం సంగతి చూద్దాం" అని నవ్వారు. ఏడేళ్లు అడిగి, చివరికి పన్నెండుకి ఒప్పించారు. అడ్వాన్స్‌తో పాటు వీడియో ఖర్చంతా నా రాయల్టీల్లోంచి రాబట్టుకుంటామన్నది సగానికి తగ్గింది.

ఫిర్యాదులూ ఉన్నాయి. మెయిల్ పెడితే నాలుగు రోజులకు గానీ జవాబు రాదు. వచ్చినా కోర్టు భాషలో ఉంటుంది, మళ్లీ ఫోన్ చేసి అర్థం అడగాలి. రాయల్టీ వసూలు చేసే సొసైటీలో పాటలు విడిగా నమోదు చేసుకోవాలని మాటమాత్రం చెప్పలేదు. అది నేనే తర్వాత తెలుసుకున్నాను. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను.

ఫ్రెండ్‌తో ఆ పాటకి 70-30 అని కాగితం రాసుకున్నాం. "మన మధ్య ఇవన్నీ ఏంట్రా" అని ముందు నొచ్చుకున్నాడు. సంతకం పెట్టి పెన్ను మూస్తూ, "మరి ఐదో పాట ఇంట్రో సంగతేంటి?" అన్నాడు.