గుడి లాంటి బ్యాంకు, గుభేలుమనిపించిన బిల్లు

ఫిలడెల్ఫియా వెళ్లేవారికి ముందుగా ఒక మాట: గది అద్దె చూసి మురిసిపోకండి. నగరం నడిబొడ్డున రాత్రికి 149 డాలర్లని ఒక హోటల్‌లో దిగాం. తీరా ఖాళీ చేసేటప్పుడు బిల్లులో ‘సదుపాయాల రుసుము’ మరో 25. ఏమిటా సదుపాయాలని అడిగితే రెండు మంచినీళ్ల సీసాలు, వైఫై అట! కారు పార్కింగ్‌కు వేరే 40, అదీ నగదే ఇవ్వాలన్నారు. మా నాన్నగారు ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో క్యాషియరు. రూపాయి తేడా వచ్చినా రాత్రిదాకా కూర్చుని లెక్క తేల్చిన మనిషి. ఆ బిల్లు మడిచి జేబులో పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడలేదు.

అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తుగా చెప్పే పాత గంట లిబర్టీ బెల్ దగ్గర వరుసలో నిలబడ్డాం, చూశాం, వచ్చేశాం.

ఆయన నోరు విప్పింది చెస్ట్‌నట్ వీధిలో, ఒకప్పటి అమెరికా జాతీయ బ్యాంకు, సెకండ్ బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ భవనం ముందు. "ఇది బ్యాంకా, గుడా?" ఏథెన్స్‌లోని ప్రాచీన గ్రీకు గుడి పార్థెనాన్‌ నమూనాలో వాస్తుశిల్పి విలియం స్ట్రిక్లాండ్ గీసిన భవనం, 1824లో పూర్తయింది. డోరిక్ అనే ఈ గ్రీకు శైలి స్తంభాలకు పీఠాలుండవు, నేల మీంచే లేచి పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. నాన్నగారు వాటిని నోట్ల కట్టల్లా లెక్కపెట్టారు. ముందు ఎనిమిది. చుట్టూ తిరిగి వెళ్లి చూస్తే వెనుకా ఎనిమిదే. పక్కల సున్నా! పార్థెనాన్‌కు నాలుగు వైపులా స్తంభాలే. ఇక్కడ పక్క గోడలకు కిటికీలు. "లెడ్జరు రాసేవాడికి వెలుతురు ఉండొద్దూ?" అని తేల్చేశారు.

లోపలికి టికెట్ లేదు. కమాను కప్పు కింద, అయోనిక్ అనే మరో గ్రీకు శైలి స్తంభాల నడుమ ఒకప్పుడు లావాదేవీలు నడిచాయి. ఇప్పుడది చిత్రశాల, అమెరికా తొలినాటి చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ గీసిన చిత్రాలు చాలానే ఉన్నాయి. అన్ని రోజులూ తెరవరు, కనుక్కుని వెళ్లండి. ఉన్న సమయమంతా దీనికే ఇచ్చినా తప్పులేదంటాను.

ఈ బ్యాంకు లైసెన్సు పొడిగించే బిల్లును 1832లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ తోసిపుచ్చాడు. 1836తో గడువు ముగిసింది. తరువాత చాలాకాలం ఇది కస్టమ్స్ కార్యాలయం.

"ఆ జాక్సన్ ఎలా ఉంటాడు?" అన్నారు నాన్నగారు. పర్సులోంచి ఇరవై డాలర్ల నోటు తీసి చూపించాను.

"బ్యాంకు మూయించినవాడి బొమ్మ నోటు మీదా!" అని ఆ రోజుకు మొదటిసారి నవ్వారు. కాసేపాగి, "పొద్దున పార్కింగ్‌కు ఇచ్చినవి ఇవేనా?"

"ఇవే. రెండు."

నవ్వు ఆగిపోయింది.