వడ్డీ మీద ఆరు వారాల బైబిలు తరగతి: అప్పుల విభాగంలో పనిచేసే నా అభిప్రాయం

పదిహేడేళ్లుగా బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, వడ్డీ సొమ్ములోంచి దశమభాగం తెస్తున్నావు. దేవుడు దాన్ని అంగీకరిస్తాడంటావా?" అని అడిగారు. నా మీద బెంగతో అడిగారే తప్ప దెప్పిపొడవడానికి కాదు. అందుకే ఆ మాట ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు. డబ్బు, వడ్డీ, విశ్వాసి చేసే ఉద్యోగం అనే అంశం మీద ఒక సంఘంలో ఆరు శనివారాలు తరగతులు పెడుతున్నారని తెలియగానే పేరు ఇచ్చాను. చేరాలా వద్దా అని నన్ను అడుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చేరండి. ఐదో వారం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానకండి. ఆరో వారం గురించి నాకు ఫిర్యాదు ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

మొదటి రెండు వారాలూ మోషే ధర్మశాస్త్రమే. వడ్డీ వద్దనే వచనాలు మనకు తెలిసినవే అనుకుంటాం. తరగతి నడిపిన పాస్టరు అయ్యగారు వాటిని అధ్యాయాలతో సహా చదివించారు. నిర్గమకాండము 22లో, లేవీయకాండము 25లో ఎదురుగా నిలబడింది బీదవాడు, గతిలేక చేయి చాపినవాడు. ద్వితీయోపదేశకాండము 23:19-20లో బీదవాడు అనే మాట లేదు. సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని, అన్యుడి దగ్గర తీసుకోవచ్చని ఉంది. వడ్డీ నరహత్యలాగా ఎప్పుడైనా ఎక్కడైనా పాపమే అయితే అన్యుడి విషయంలో అనుమతి ఎందుకిచ్చినట్టు? తరగతి ఆ ప్రశ్న దగ్గరే గంటసేపు ఆగింది. జవాబు కోసం ఎవరూ తొందరపడలేదు, అది నాకు బాగా నచ్చింది. వడ్డీకి హీబ్రూలో వాడిన 'నెషెక్' అనే మాటకు మూలం కాటు వేయడమని చెప్పినప్పుడు, నా పక్కన కూర్చున్నామె, అప్పుల్లో ఇల్లు పోగొట్టుకున్న మనిషి, "నిజమే అయ్యగారూ, కరిచినప్పుడు తెలియదు" అంది. అప్పు ఇచ్చేవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఒకే బల్లకు ఇరువైపులా కూర్చుని వాక్యం చదవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒక లోటు చెప్పాలి. 15వ కీర్తన, యెహెజ్కేలు 18 మీద పది నిమిషాలు కూడా గడపలేదు. యెహెజ్కేలు వడ్డీని వ్యభిచారం, దోపిడీ పక్కనే పెట్టాడు. నాలాంటి వాళ్లకు గుచ్చుకునే అధ్యాయం అది, దాన్ని దాటేయకూడదు.

మూడో వారం సంఘ చరిత్ర. 325లో నైసియాలో జరిగిన సంఘ నాయకుల మహాసభ వడ్డీ తీసుకునే సంఘ గురువులను పదవి నుంచి తీసేయమంది. 1179లో మూడో లాటరన్ సభ, అదీ అలాంటి మహాసభే, బహిరంగంగా వడ్డీ వ్యాపారం చేసేవాళ్లకు ప్రభు బల్లనూ, క్రైస్తవ సమాధినీ నిరాకరించింది. 1462లో ఇటలీలోని పెరూజాలో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల పూనికతో, కుదువ పెట్టుకుని బీదలకు అప్పిచ్చే సంస్థ మొదలైంది. నిర్వహణ ఖర్చుకని వాళ్లు కొద్దిగా పుచ్చుకున్నందుకు అదీ వడ్డీయేనని పెద్ద వివాదం రేగింది. ఖర్చుల మేరకు తీసుకుంటే తప్పులేదని 1515లో ఐదో లాటరన్ సభ తేల్చింది. ఇక్కడ అయ్యగారు నన్ను లేపి, వడ్డీ రేటులో ఏమేం ఉంటాయో బోర్డు మీద రాయమన్నారు. డిపాజిటు వేసినవాళ్లకు ఇచ్చేది, సిబ్బంది జీతాలు, తిరిగి రాని అప్పుల నష్టం, ధరలు పెరగడం వల్ల కరిగిపోయే విలువ, ఆ పైన లాభం. చివరి మాట కింద ఆయన గీత గీసి, 1545లో సంఘ సంస్కర్త కాల్విన్ రాసిన ఉత్తరం చదివించారు. వడ్డీని ఒప్పుకుంటూనే అవసరంలో ఉన్న బీదవాడి దగ్గర తీసుకోవద్దని, అప్పు తీసుకున్నవాడికి ఆ డబ్బు మీద కనీసం అంత లాభమైనా మిగలాలని ఆయన షరతులు పెట్టాడు. ఆ షరతులను ఇంటికెళ్లి నా డైరీలో రాసుకున్నాను.

నాలుగో వారం మత్తయి 25. యేసు చెప్పిన ఉపమానంలో, తానిచ్చిన సొమ్మును పాతిపెట్టిన దాసుణ్ని, సాహుకారుల దగ్గర ఉంచితే వడ్డీతో వచ్చేది కదా అని యజమాని అడిగాడు కాబట్టి యేసు బ్యాంకులను సమర్థించాడని కొందరంటారు. ఆ ఉపమానం ఉద్దేశం అది కాదని అయ్యగారు నిక్కచ్చిగా చెప్పారు. ఏమీ ఆశించకుండా అప్పివ్వమన్న లూకా 6:35ను దాని పక్కన పెట్టి చదవమన్నారు.

ఐదో వారం కుదువ గురించి. తిరుగటి రాయిని తాకట్టు పట్టకూడదు, అది ఒక మనిషి బతుకుతెరువు. కుదువ పెట్టిన వస్త్రాన్ని పొద్దు గుంకే లోపు తిరిగిచ్చేయాలి, కప్పుకోవడానికి వాడికి వేరే గుడ్డ లేదు. ద్వితీయోపదేశకాండము 24:10-11 ఇంకో మాట చెప్తుంది: కుదువ కోసం అతని ఇంట్లోకి వెళ్లొద్దు, బయట నిలబడు, అతనే తెచ్చి ఇస్తాడు. చాలా ఏళ్ల కిందట బకాయి వసూలుకని ఒకతని ఇంటికి వెళ్లాను. పిలవకుండానే లోపలికి నడిచాను. అతని పిల్లలు చూస్తుండగా నోటీసు చదివి వినిపించాను. ఆ రోజు నేను వసూలు చేసినది చట్టప్రకారం సరైన మొత్తమే. గడప దాటకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. వాక్యంలో ఉంది, నేను చదవలేదు. ఆ శనివారం అందరి ముందే ఏడ్చాను.

ఇక ఆరో వారం. బ్యాంకులో పనిచేయవచ్చా? అయ్యగారు లూకా 3 తీశారు. సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, వచ్చి ఏం చేయాలని అడిగితే బాప్తిస్మమిచ్చే యోహాను ఉద్యోగం మానమనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. ఆ వాక్యం నాకు ఊరటే. కానీ తరగతి అక్కడే ముగిసింది. నిర్ణయించినదే తప్పయితే? తీర్చలేడని తెలిసీ టార్గెట్ కోసం ఒకరికి అప్పు అంటగట్టమని పైనుంచి ఒత్తిడి వస్తే? అప్పుతోపాటు అవసరంలేని బీమా కలిపి సంతకం పెట్టించమంటే? సుంకరి లేవీ యేసు పిలవగానే సుంకపు మెట్టు దగ్గర నుంచి లేచి వెళ్లిపోయాడు. ఇంకో సుంకరి జక్కయ్య వెళ్లిపోయాడని రాసి లేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నేను ఎవరిలా ఉండాలి? ఇదే అడిగాను. "ప్రార్థన చేసుకో అమ్మా" అన్నారు. ప్రార్థన చేస్తూనే ఉన్నానండీ. సోమవారం పొద్దున కుర్చీలో కూర్చునేవాళ్లకు ఇంకొంచెం కావాలి.

రాజీనామా చేయలేదు. మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో కాగితం మీద రాసి చూపించకుండా ఇప్పుడు ఎవరిచేతా సంతకం పెట్టించడం లేదు. జరిమానా ఛార్జీలు తగ్గించే అధికారం నాకు ఉన్నంత మేరకు వాడుతున్నాను. ఈ నెల నా టార్గెట్ పూర్తికాలేదు.

ఆరో వారం గురించి ఇవన్నీ రాసి అయ్యగారికి ఇచ్చాను. చదివి, వచ్చే విడతలో ఆ రోజు అరగంట నన్నే మాట్లాడమన్నారు. ఇంకా ఒప్పుకోలేదు. యెహెజ్కేలు 18కి ఒక వారం పూర్తిగా కేటాయిస్తే వస్తానన్నాను.